గోళీ, పద్మవ్యూహం, నిర్గమవిద్య

హిందూపురంలో రైలెక్కి ధర్మవరం దిశగా పయనించేవారికి నడుమ పెనుకొండ దర్శనమిస్తుంది. కిటికీలోనుండి చూస్తే బండరాళ్ళ గిరి, దానిపై శిథిలప్రాకారం. ఒకానొక కాలంలో కర్ణాటసామ్రాజ్యానికి రాజధానిగా వెలసిన స్థలమది. మొన్న వేసవిలో ఆ మార్గాన ప్రయాణిస్తూ, ప్రక్కన కూర్చున్న నా మనుమడికి ఆ కొండను చూపబోయాను. అతడు తలయెత్తలేదు. రెండు చేతులతో ఫోనును పళ్ళెంవలె పట్టుకొని, అటొకసారి ఇటొకసారి వాలుస్తున్నాడు. తెరపై కొయ్యపలక వంటి చిత్రం, అందులో గోడలు, గోడల మధ్య సన్నని దారులు, దారుల ప్రక్కన రంధ్రాలు. ఒక ఉక్కుగోళీ ఆ దారులవెంట దొర్లుతున్నది. రంధ్రంలో పడితే ఆట మొదటికి వస్తుంది. గమ్యం చేరితే మరొక పలక తెరుచుకుంటుంది.

గోళీ రంధ్రంలో పడగానే నేను, "ఎందుకురా అంత గట్టిగా తోశావు?" అన్నాను. "నేను తోయలేదు తాతా, అదే పోయింది. నేను ఫోను వంచినానంతే" అన్నాడు.

బాలుని నోట యథాలాపంగా వెలువడిన ఆ వాక్యం నన్ను చాలాకాలం విడువలేదు. కర్తృత్వాన్ని గురించి మన దర్శనాలు శతాబ్దాలుగా చర్చించిన ప్రశ్న దానిలో ఇమిడియున్నది. ఈ క్రీడ ఇంతమందిని ఎందుకు ఆకర్షిస్తున్నది, దీని పూర్వచరిత్ర ఏమిటి, దీనికీ మన వ్యూహసంప్రదాయానికీ గల సంబంధమేమిటి అని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆట పుట్టుక

వాల్చి ఆడే ఈ క్రీడ ఫోనుతో పుట్టినది కాదు. 1889లో అమెరికాలో చార్లెస్ క్రాండాల్ అనే బొమ్మల తయారీదారు "పిగ్స్ ఇన్ క్లోవర్" అనే చిన్న ఆటవస్తువును విపణిలోకి తెచ్చాడు. వలయాకారపు గోడల మధ్య నాలుగు గోళీలుంటాయి. పెట్టెను చేతబట్టి వాలుస్తూ, ఆ గోళీలన్నిటినీ నడిమి గదిలోనికి చేర్చాలి. ఒకదానిని లోనికి పంపబోతే మరొకటి వెలుపలికి జారుతుంది. అది ఆ దేశాన్ని ఒక జ్వరంలా ఆవరించింది. రాజ్యసభ్యులు సైతం కార్యాలు మాని దానిని వాలుస్తూ కూర్చున్నారని నాటి పత్రికలు పరిహసించాయి.

తరువాత 1946లో స్వీడన్‌కు చెందిన బ్రియో సంస్థ కొయ్యపెట్టె రూపంలో "లాబిరింత్" ఆటను వెలువరించింది. పెట్టె ప్రక్కలనున్న రెండు మరలను త్రిప్పితే పలక రెండు దిశలలో వాలుతుంది. గీచిన రేఖవెంట గోళీని నడపాలి. దారిపొడవునా పదులకొద్దీ రంధ్రాలు. 2008లో ఐఫోనుకు యాప్ స్టోర్ ఏర్పడిన తొలినాళ్ళలోనే ఈ ఆట తెరపైకి వచ్చింది. మరల అవసరం తీరిపోయింది. ఫోనే పలక అయింది.

దీని వెనుకనున్న యంత్రరహస్యం సులభమే. ఫోనులో యాక్సిలరోమీటరు అనే త్వరణమాపకం ఉంటుంది. వెంట్రుకవాసి కొలతలో చెక్కిన సిలికాన్ ఖండమొకటి స్ప్రింగుల వంటి సన్నని తీగెలపై వ్రేలాడుతుంది. ఫోను వాలితే భూమ్యాకర్షణవల్ల ఆ ఖండం రవ్వంత కదులుతుంది. ఆ కదలికతో దాని ప్రక్కనున్న విద్యుత్‌ఫలకాల ధారణశక్తి మారుతుంది. ఆ మార్పును లెక్కించి, ఏ దిక్కున ఎంత వాలిందో ఫోను తెలుసుకుంటుంది. తెరమీది గోళీ మాయాకల్పితమే. కానీ దానిని దొర్లించే లెక్కకు మూలమైన గురుత్వం సత్యం. పెనుకొండ బండరాళ్ళను నేలకు అదిమి ఉంచే శక్తియే అరచేతిలో గోళీకి దిక్కు చూపుతున్నది. ఈ ఆటను తొలిసారి ఆడినవారికి కలిగే విస్మయానికి కారణమిదే. బొమ్మకు బరువున్నట్లు చేతికి తోస్తుంది.

వ్యూహాకృతి చరిత్ర

చిక్కుదారుల ఆకృతి మానవజాతికి అతిప్రాచీనమైనది. క్రీటు ద్వీపంలోని నాసస్ నగరం క్రీస్తుపూర్వమే తన నాణేలపై ఆ ఆకృతిని ముద్రించుకొన్నది. యవనగాథలో ఆ చిక్కుమందిరంలో మినోటార్ అనే వృషభముఖుడుంటాడు. థీసియస్ లోనికి పోయి వానిని వధిస్తాడు. తిరిగి వెలుపలికి రాగలగడానికి కారణం, రాజకుమార్తె అరియాడ్నీ ఇచ్చిన దారపుండ.

మన దేశంలో ఈ ఆకృతికి రెండు పేర్లు. ఒకటి కోట, రెండవది వ్యూహం. పదకొండవ శతాబ్దిలో భారతదేశాన్ని గురించి గ్రంథం వ్రాసిన అల్‌బిరూనీ, లంకలోని రావణదుర్గాన్ని వర్ణిస్తూ చిక్కుదారుల చిత్రాన్నే గీచాడు. పన్నెండవ శతాబ్దిలో హొయసలులు నిర్మించిన హళేబీడు హొయసలేశ్వరాలయపు కుడ్యంపై చక్రవ్యూహశిల్పం నేటికీ నిలిచియున్నది. వలయాలు వలయాలుగా తిరిగే దారి, నడుమ సర్పిలమై ముగిసే కేంద్రం, చుట్టూ యోధులు. క్రీటు నాణెం మీది ఆకృతికి అది దగ్గరి బంధువువలె కనిపిస్తుంది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ప్రాచీన వ్యూహాకృతిలో దారి ఒక్కటే. ఎన్ని మలుపులు తిరిగినా అది కేంద్రానికే చేరుస్తుంది. దారి తప్పే అవకాశం లేదు, కావలసినది ఓర్పు మాత్రమే. శాఖోపశాఖలుగా చీలి మోసగించే చిక్కుదారులు తరువాతి కాలపు వినోదాలు. గోళీ ఆట ఈ రెండింటికీ భిన్నం. కొయ్యపలకపై దారి గీచియే ఉంది, ఎటు పోవాలో స్పష్టం. ఆపద తెలియనితనంలో లేదు. తెలిసిన దారిలో నిలువలేకపోవడంలో ఉంది. ధర్మమేదో ఎరిగియుండి కూడా దానియందు ప్రవృత్తి కలుగక తల్లడిల్లే మానవుని స్థితి ఇదే కదా!

నిమ్మలకుంట తెర

మన ప్రాంతంలో ఈ వ్యూహకథను గ్రంథంలో చదివినవారికంటె తెరపై చూచినవారే అధికులు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల గ్రామం. అక్కడి కళాకారుల కుటుంబాలలో ఇంట మరాఠీ మాండలికం, తెరవెనుక తెలుగు పద్యం. మేకతోలును పలుచగా శుద్ధిచేసి, కాంతి ప్రసరించేలా రంగులద్ది, ఉలులతో రంధ్రాలు పొడిచి ఆభరణాలు తీర్చుతారు. పూర్వం ఆముదపు దీపాల వెలుగున తెల్లవార్లూ ఆట సాగేది. సుందరకాండ, విరాటపర్వం, పద్మవ్యూహం ప్రేక్షకులు కోరి ఆడించుకొన్న ఘట్టాలు. 2008లో ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారిని 2020లో పద్మశ్రీ వరించింది. అయితే నేడు ఆ తోలు అధికంగా దీపాల తొడుగులుగా, గోడ అలంకారాలుగా అమ్ముడుపోతున్నది. తెల్లవార్లూ కూర్చునే ప్రేక్షకులు తగ్గిపోయారు.

నా బాల్యంలో చూచిన పద్మవ్యూహం ఆటలో ఒక్క విషయం ఇప్పటికీ కన్నులకు కట్టినట్లుంటుంది. అభిమన్యుని బొమ్మ తెరకు హత్తుకొని ఉన్నంతసేపు రూపురేఖలు స్పష్టం. ఆడించేవారు పుల్లను రవ్వంత వెనుకకు వాలిస్తే బొమ్మ మసకబారి, పెద్దదై, వణకుతుంది. బాణాలు తగిలిన వేళ అతడు అట్లే వణికాడు. బొమ్మ తానై కదలలేదు. ఆడించేవారు బొమ్మ అవయవాలన్నిటినీ పట్టి కదల్చలేదు కూడా. ఆధారాన్ని వాల్చారు, తక్కినది తోలు బరువూ దీపపు వెలుగూ చేశాయి. నా మనుమడు చెప్పిన మాటకు ఆ రాత్రియే భాష్యం.

వ్యాసుడు చక్రవ్యూహమన్నదానిని తెలుగువారు వాడుకలో పద్మవ్యూహమంటారు. తల్లి గర్భంలో ఉండగా తండ్రి చెప్పిన వ్యూహభేదనాన్ని వింటూ, సుభద్ర నిద్రించడంచేత నిర్గమం వినలేకపోయాడన్నది లోకంలో ప్రచారమైన కథ. ద్రోణపర్వంలో అభిమన్యుడు స్వయంగా చెప్పినది మరింత సూటిగా ఉంటుంది. వ్యూహాన్ని ఛేదించి ప్రవేశించే ఉపాయాన్ని తండ్రి ఉపదేశించాడనీ, ఆపద వస్తే వెలుపలికి రావడం తనకు చేతకాదనీ ధర్మరాజుతో ముందే విన్నవించాడు. పెద్దలు ఆ మాట విన్నారు. వెంట మేమున్నాము పొమ్మన్నారు. ద్వారంలో సైంధవుడు పెద్దలను నిలువరించాడు. పదునారేండ్ల బాలుడు ఒంటరిగా మిగిలిపోయాడు. యవనవీరుని చేతికి దారముండ ఇచ్చినవారున్నారు. మన బాలుని చేతికి ఇవ్వవలసినవారు ఇవ్వలేదు. ఆ కథలో దోషం బాలునిది కాదు.

మూడు ఆటలు, మూడు దర్శనాలు

మన ఇండ్లలోని ప్రాచీనక్రీడలను తత్త్వదృష్టితో పరిశీలిస్తే రెండు కోవలు కనిపిస్తాయి. వైకుంఠపాళిలో పందెం ఎంత పడితే అంత నడక. నిచ్చెన దొరకడం, పాము మ్రింగడం ఆడేవాని చేతిలో లేదు. పరమపదానికి చేరువలోనే పెద్దపాము నోరు తెరచి ఉంటుంది. అది దైవప్రధానమైన క్రీడ. చదరంగంలో పాచికలు లేవు. ప్రతి ఎత్తూ ఆడేవాని బుద్ధిదే, గెలుపోటములకు వేరొకరిని నిందించే వీలు లేదు. అది పురుషకారప్రధానం. దైవమా, పురుషకారమా అన్న వివాదంలో యోగవాసిష్ఠం ముముక్షుప్రకరణంలో పురుషకారాన్నే గట్టిగా సమర్థించిందని విజ్ఞులకు విదితమే.

గోళీ ఆట మూడవ కోవకు చెందుతుంది. ఇందులో పాచిక లేదు, అయినా గోళీ నా ఆజ్ఞకు లోబడదు. దానిని వ్రేలితో తాకలేను. నేను వాల్చగలిగినది క్షేత్రాన్ని మాత్రమే. దొర్లడం గోళీ స్వభావం, దానికి హేతువు దాని బరువు. ఒకమారు వేగమందుకొన్న గోళీ, నేను పలకను సమంచేసిన పిమ్మట కూడా కొంతదూరం పోతూనే ఉంటుంది. ఈ శేషవేగాన్నే మన పెద్దలు సంస్కారమన్నారు. వైశేషికులు బాణం వింటిని విడిచిన తరువాత కూడా సాగిపోవడాన్ని వేగాఖ్యసంస్కారంతో వివరించారు. వేదాంతులు అదే బాణాన్ని ప్రారబ్ధకర్మకు దృష్టాంతంగా గ్రహించారు.

చిత్తం గోళీ వంటిది. దానిని నేరుగా పట్టి నిలుపబోయినవారు భంగపడతారు. ఆహారం, సంగం, నియమం, పరిసరం వీటిని సవరించడమే సాధకుని వశంలో ఉన్నది. పలకను సవరిస్తే గోళీ దారికి వస్తుంది. ధర్మవరం నేతకార్మికునికి ఇది అనుభవసిద్ధం. మగ్గం గుంటలో కూర్చుని కాలితో తొక్కితే పడుగు రెండుగా విచ్చుకొంటుంది. ఆ విచ్చిన మార్గాన నాడె దూసుకుపోతుంది. పేకను పోగుపోగుగా చేతితో నడిపేవారెవరూ లేరు. మార్గం తెరవడమే పని, నాడె తన దారిన తాను పోతుంది.

అతిసవరణ ఎంత ప్రమాదమో కూడా ఈ ఆటయే నేర్పుతుంది. గోళీ కుడికి జరిగిందని కంగారుపడి పలకను ఎడమకు అధికంగా వాల్చేవాడు ఎడమ రంధ్రంలో పడతాడు. హిందూపురానికి చేరువనున్న లేపాక్షిలో, అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండకు చెందిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు వీరభద్రాలయాన్ని నిర్మించారు. అక్కడి వ్రేలాడే స్తంభం లోకప్రసిద్ధం. దాని అడుగున యాత్రికులు వస్త్రాన్ని దూర్చి ఇవతలినుండి అవతలికి లాగుతారు. తెల్లదొరల కాలంలో ఒక ఇంజనీరు ఆ స్తంభాన్ని "సరిచేయ" బూనగా, పైకప్పుతోపాటు ఇతర స్తంభాలు కూడా కదలనారంభించాయనీ, అతడు భయపడి విరమించాడనీ స్థానికులు చెప్పుకొంటారు. కథ ఎట్లున్నా నీతి గోళీ ఆటదే. ఒకచోటి వాలును బలవంతాన దిద్దబోతే వేరొకచోట వాలు పుడుతుంది.

సమత్వమే యోగమని గీతాచార్యుడు ఉపదేశించిన విషయం మనకు కంఠస్థం. కానీ సమత్వమంటే చలనరాహిత్యమని చాలామంది భ్రమిస్తారు. పలకను పూర్తిగా సమంగా పట్టుకొంటే గోళీ నిలిచిపోతుంది, ఆట ముగియదు. సమత్వమంటే వాలును ఎరుకతో, తగినంతగా వాడుకోవడం. ఈ ఆట ఆకర్షణరహస్యం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. కొన్ని నిమిషాలపాటు చేయి, కన్ను, మనస్సు ఒక్కటవుతాయి. కఠోపనిషత్తు రథరూపకంలో చెప్పిన ఇంద్రియాశ్వాలు, మనస్సనే కళ్ళెం, బుద్ధియనే సారథి ఒక్క త్రాటిపై నడచినట్లుంటుంది. ఆ ఐక్యానుభవం ఏ రూపంలో వచ్చినా మనిషికి ప్రియమే.

ప్రవేశం తెలిసి, నిర్గమం తెలియక

ఇంతవరకు ఈ క్రీడను ప్రశంసించాను. ఇప్పుడొక నిజం ఒప్పుకోవాలి.

ధర్మవరం చేరిన మరునాడు, బాలుడు నిద్రించగా, పరిశీలనార్థమని చెప్పుకొని ఆ ఫోనును నేనే అందుకొన్నాను. అపరాహ్ణం మూడు గంటలు. ఈ ఒక్క పలక ముగించి పెడదామనుకొన్నాను. ముగిసింది, మరొకటి తెరుచుకొన్నది. ఆ రెండవది కొంచెం కఠినం, ముగించకుండా పెట్టబుద్ధి కాలేదు. తలయెత్తేసరికి ఇంట దీపం వెలిగించారు. నలుబది సంవత్సరాలుగా, జ్వరం వచ్చిన దినాలలో కూడా తప్పని సాయంసంధ్య ఆనాడు కాలాతీతమైంది. ప్రాయశ్చిత్తార్ఘ్యం విడిచి ఆచమించాను. చేతులు మాత్రం ఆచమనపాత్రను కూడా అటు ఇటు వాలుస్తున్నట్లే తోచింది. శేషవేగాన్ని గురించి వ్రాసేవాడు శేషవేగానికి చిక్కాడు.

1946నాటి కొయ్యపెట్టెకు ఒక్కటే పలక, ఒక్కటే గమ్యం. గోళీ అక్కడకు చేరితే ఆట సమాప్తం. పెట్టె అటకెక్కేది. ఫోనులోని ఆటకు అంతం దాదాపు ఉండదు. గమ్యమని చూపినది మరొక ద్వారం మాత్రమే. చుట్టూ వలయాలు పెరుగుతూనే ఉంటాయి. ప్రవేశవిద్య ఆటయే నేర్పుతుంది. నిర్గమవిద్యను నేర్పే బాధ్యత ఎవరిదీ కాదు. ఇది అక్షరాలా పద్మవ్యూహం.

మనోనిగ్రహానికి సాధనాలేవని ప్రశ్నించుకొని గీతాచార్యుడూ, పతంజలి మహర్షీ ఒకే జంటను చెప్పారు. అభ్యాసం, వైరాగ్యం. ఈ రెండింటినీ విడదీయరాదు. అభ్యాసం వ్యూహప్రవేశం, వైరాగ్యం నిర్గమవిద్య. గోళీ ఆట అభ్యాసాన్ని అద్భుతంగా నేర్పుతుంది. నూరుమార్లు పడినా నూటొకటవసారి మొదలుపెట్టే పట్టుదలను బాలునికి ఇస్తుంది. వైరాగ్యాన్ని మాత్రం అది నేర్పజాలదు. దానిని వెలుపలినుండి తేవాలి.

వెలుపలికి రావడం ఓటమి కాదని చెప్పడానికి పెనుకొండయే సాక్ష్యం. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో అళియ రామరాయలు శత్రుమధ్యంలో చిక్కి మరణించాడు. అతని సోదరుడు తిరుమలరాయలు విజయనగరంలో నిలిచి నశించలేదు. ధనాన్ని ఏనుగులపై తరలించి, రాజపరివారంతో వెడలి, కొంతకాలానికి ఈ ఘనగిరిని రాజధానిగా చేసుకొన్నాడు. నాడు అది పలాయనమనిపించి ఉండవచ్చు. కానీ ఆ నిర్గమంవల్లనే సామ్రాజ్యం మరికొన్ని తరాలు జీవించింది. తరువాతి బిజాపూరు ముట్టడులకు ఈ దుర్గం తట్టుకొన్నది. భట్టుమూర్తి తన వసుచరిత్రను అంకితమిచ్చినది ఈ తిరుమలరాయలకే. వెడలిపోవడం చేతనైనవాడు ఉండడంచేత తెలుగుకు ఒక మహాప్రబంధం దక్కింది. నిర్గమవిద్య నిరుత్సాహుల విద్య కాదు, దీర్ఘదర్శుల విద్య.

ఉపసంహారం

తిరుగు ప్రయాణంలో పెనుకొండ దగ్గరవుతుండగా మనుమడు మళ్ళీ గోళీతో ఉన్నాడు. ఈసారి ఫోను లాగుకోలేదు, మందలించలేదు. ముందురోజు నా సంధ్య ఎట్లా తప్పిపోయిందో చెప్పాను. అతడు నవ్వి, "నీకూ అంతేనా తాతా?" అన్నాడు. అవునన్నాను. అభిమన్యుని కథ చెప్పాను. అంతా విని, "ఆయప్పకు బయటికొచ్చే దారి ఎవురూ చెప్పలేదా?" అని అడిగాడు.

"చెప్పవలసినవాళ్ళు చెప్పలేదు నాయనా" అన్నాను.

ఆ సమాధానం చెబుతున్నప్పుడు గొంతు పట్టుకొన్నది. ఎందుకంటే ఆ ఫోనును బాలుని చేతికి ఇచ్చినది మేమే. ఏడవకుండా కూర్చుంటాడని, ప్రయాణం సుఖంగా సాగుతుందని ఇచ్చాము. ప్రవేశం మేమే నేర్పాము. ద్వారం దగ్గర మేమున్నామని ధైర్యం చెప్పి, మా పనుల సైంధవులు అడ్డుపడగా వెలుపలే నిలిచిపోయాము.

ఇప్పుడు మా ఇద్దరికీ ఒక ఒడంబడిక. ఆటకు కూర్చునేముందు ఎన్ని పలకలో చెప్పుకోవాలి. ఆ సంఖ్య పూర్తికాగానే, గోళీ గమ్యంలో ఉన్నా రంధ్రంలో ఉన్నా, ఫోను బోర్లించాలి. మొదటి వారంలో ఒడంబడికను అతడు రెండుసార్లు తప్పాడు, నేను మూడుసార్లు. ఆ రోజున రైలు పెనుకొండ దాటుతుండగా అతడు ఫోను బోర్లించి, కొండను చూచి, కోటకు లోపలికి దారి ఎటు అని అడగలేదు. దిగివచ్చే దారి ఎటు అని అడిగాడు.

ఇతి శమ్.